ముందరి కాళ్ల బంధం: ఒక ఇంగ్లీషు మాట పూర్వకథ

రేడియో ఉన్న ఇంట్లో ‘అంతరాయం’ అనే మాట ఎరుగనివారు ఉండరు. పాట మంచి పాకాన పడిన సమయంలో ప్రసారం ఆగిపోయి, కొంతసేపటికి మళ్లీ అందుకొన్నప్పుడు అంతరాయానికి చింతిస్తున్నామని మేము చెప్పుకోవటం శ్రోతలకు కంఠస్థమైన విషయమే. ‘అంతర్’ అంటే నడుమ. ‘అయ’ అంటే రాకపోక. పాటకూ వినేవారికీ నడుమ వచ్చిపడినది కనుక అది అంతరాయం. ఇంత చక్కగా అతికిన మాటను ఎవరు ముందుగా ప్రసారాలకు ఎన్నుకొన్నారో గాని, వారికి మాట విలువ తెలుసు.

అన్ని మాటల విషయంలోనూ మాకు అంత అదృష్టం పట్టలేదు. కొన్ని సంవత్సరాల క్రితం వ్యవసాయ ఋణాల గురించి ఇంగ్లీషులో రాసిన ఒక ప్రసంగ పాఠాన్ని తెనిగించే పని మా మీద పడినది. అందులో ఒకే పేరాలో ‘ఆబ్‌స్టకల్’ అన్న మాట ఒకసారి, ‘ఇంపెడిమెంట్’ అన్న మాట ఒకసారి వచ్చినవి. మేము రెండుచోట్లా ‘ఆటంకం’ అని రాసి చేతులు దులుపుకొన్నాము. ప్రతిని సరిచూసిన పెద్దలు ఒకరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, “రచయిత రెండు మాటలు వాడితే మీరు ఒక్కదానితో సరిపెట్టారేమిటి?” అని అడిగారు. రెండింటి అర్థం ఒకటేనని మనవి చేశాము. “ఒకటే అయితే ఆయన రెండు ఎందుకు రాశాడండీ?” అన్నారు. మా దగ్గర జవాబు లేకపోయినది. పాఠం పక్కకు వెళ్లినది.

ఆ జవాబు మాకు నిఘంటువులో దొరకక ముందే నిడమనూరులో దొరికినది. నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడకు చేరువలో ఉన్న నిడమనూరు సంగతి చెబుతున్నాము. ఇదే పేరుగల ఊళ్లు కోస్తాలో కూడా ఉన్నవి. రైతుల మాటలు ధ్వనిముద్రణ చేసుకోవటానికి ఆ ప్రాంతానికి వెళ్లాము. అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలిన తరువాత, మెట్టపంటల నేలలు వరి మళ్లుగా మారిన కథ అక్కడ ప్రతి వృద్ధునికీ తెలుసు. వారి మాటలు ముద్రణ చేసుకొని కాలువ గట్టు మీద నిలబడి ఉండగా, బట్టలుతికే ముసలాయన గాడిదలు రెండు గట్టు వారన మేస్తూ కనిపించినవి. వాటి ముందరి కాళ్లు రెండూ జానెడు ఎడంతో తాడుతో కట్టి ఉన్నవి. చిన్న చిన్న గెంతులు వేస్తూ అవి కదులుతున్నవి.

“కాళ్లు కట్టేస్తే అవి ఎలా మేస్తాయి తాతా?” అని అడిగాము.

“ముంగాళ్లకు బంధమేసిన సారూ. మేస్తది, తిరుగుతది. దూరం మాత్రం పోలేదు” అన్నాడు ఆయన. ఇంకా, “కంచె ఏస్తే దునికి పోతది. బంధమేస్తే ఏడికి పోతది?” అని నవ్వాడు.

మా పెద్దలు అడిగిన ప్రశ్నకు అంతకంటె సరియైన సమాధానం మాకు ఏ పండితుడూ చెప్పలేదు.

లాటిను భాషలో ‘పెస్’ అంటే పాదం. ఇతర విభక్తులలో అది ‘పెడిస్’, ‘పెడెమ్’ అని మారుతుంది. మన సంస్కృత ‘పాదం’, ‘పదం’, ఇంగ్లీషు ‘ఫుట్’, లాటిను ‘పెస్’ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించి చాలాకాలమైనది. ఆ పాదానికి ముందు ‘ఇన్’ అనే ఉపసర్గ చేర్చి రోమనులు ‘ఇంపెడీరె’ అనే క్రియ చేసుకొన్నారు. పాదాలను చిక్కులో పెట్టటం, కాళ్లకు బంధం వేయటం అని దాని మొదటి అర్థం. దాని నుండి వచ్చిన నామవాచకం ‘ఇంపెడిమెంటుమ్’. అది 14వ శతాబ్దం చివరి భాగానికి ఇంగ్లీషులో చేరినది. ‘ఇంపీడ్’ అనే క్రియ మాత్రం ఇంగ్లీషు రాతలలో 17వ శతాబ్దారంభం దాకా కనబడదు. మాటలకు కూడా ఒక్కొక్కప్పుడు ముందు పిల్ల, తరువాత తల్లి పుడుతూ ఉంటారు.

‘ఆబ్‌స్టకల్’ సంగతి వేరు. ‘ఓబ్’ అంటే ఎదురుగా. ‘స్టారె’ అంటే నిలబడటం. మన ‘స్థితి’, ‘స్థానం’ అనే మాటలలో ఉన్న ‘స్థా’ ధాతువే అది. ఎదురుగా నిలిచినది ఆబ్‌స్టకల్. అది దారిలో ఉంటుంది. ఇంపెడిమెంట్ దారిలో ఉండదు, మన కాళ్లకే ఉంటుంది. నిడమనూరు తాత చెప్పిన కంచెకూ బంధానికీ ఉన్న భేదమే ఈ రెండు మాటలకూ ఉన్నది. కంచె ముందు నిలబడినవాడు దానిని చూస్తాడు, తిడతాడు, దూకటానికి ఆలోచిస్తాడు. బంధం పడినవాడు కొంత నడుస్తూనే ఉంటాడు కనుక, తాను నడవలేకపోవటం తన లోపమేనని కూడా అనుకోవచ్చును.

ఈ పోలిక ఒక్క రోమనులదే కాదు. పారసీకంలో ‘పా’ అంటే పాదం, ‘బంద్’ అంటే కట్టు. ‘పాబంద్’ అంటే కాళ్లకు కట్టు పడినది. ఉర్దూ రాజభాషగా ఉన్న నైజాం రాజ్యంలో ‘పాబందీ’ అనే మాట నిబంధన అనే అర్థంలో కచేరీ కాగితాలకెక్కినది. లాటినుకూ పారసీకానికీ దూరపు చుట్టరికం ఉన్నది కాని, మన తెలుగుకు ఆ రెండింటితోనూ అటువంటి చుట్టరికం లేదు. అయినా పని మొదలుపెట్టక ముందే దానికి అడ్డంకి కల్పించటాన్ని మనం ‘ముందరి కాళ్లకు బంధం వేయటం’ అనే అంటాము. పశువును మేపుకొన్న ప్రతి జాతికీ ఈ ఊహ ఎవరూ నేర్పకుండానే తట్టినట్లున్నది.

ఇంగ్లీషులోని మరికొన్ని మాటలు కూడా మన పెరటిలోనే కనిపిస్తవి. ‘క్లాగ్’ అంటే పారిపోయే పశువుకు తగిలించే కొయ్యమొద్దు. మనం దానిని గుదికొయ్య అన్నాము, గుదిబండ అన్నాము. ఈనాడు పరుగుపందెంలో దూకే ‘హర్డిల్’ పూర్వం గొర్రెలదొడ్డికి కట్టిన అల్లిక తడిక. గాదెకూ గొడ్ల కొష్టానికీ పుట్టిన ఇటువంటి మాటలు ఎన్నో తరువాత న్యాయస్థానాలకూ శాసనసభలకూ ఎక్కినవి. వాటిలో విచిత్రమైనది ‘ఇంపీచ్’. ‘పెడికా’ అంటే కాలికి వేసే సంకెల లేక ఉచ్చు. దాని నుండి పుట్టిన క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి, మొదట అడ్డగించటం అనే అర్థంలో ఉండి, చివరకు ఉన్నతాధికారి మీద నేరారోపణ చేయటంగా స్థిరపడినది. 1788లో వారన్ హేస్టింగ్స్‌ను ఇంగ్లండు పార్లమెంటులో నిలబెట్టి ఏడేళ్లు విచారించినది ఈ మాట పేరనే. మనం దానిని అభిశంసన అన్నాము. ఎంత గంభీరంగా ఉన్నా, ఆ ఇంగ్లీషు మాట అడుగున ఉన్నది ఉచ్చులో పడిన కాలే.

మన సంస్కృత పదాలలోనూ ఇటువంటి పాత జ్ఞాపకాలు లేకపోలేదు. ‘విఘ్నం’లో ‘హన్’ ధాతువు, అంటే కొట్టటం, ఉన్నది. ‘అవరోధం’ అంటే అడ్డగింపు మాత్రమే కాదు. రాజుల అంతఃపురం కూడా. అశోకుని ఆరవ శిలాశాసనంలో తాను అంతఃపురంలో ఉన్నా ప్రజల పని తనకు నివేదించవచ్చునని చెప్పినచోట ఈ మాట ప్రాకృత రూపమే కనిపిస్తుంది. ఇక అచ్చతెలుగుకు వస్తే మోకాలడ్డటం ఉన్నది, అడ్డుపుల్ల వేయటం ఉన్నది. పద్మవ్యూహం దగ్గర పాండవులను నిలిపివేసిన పాపానికి సైంధవుడు ఈనాటికీ ప్రతి ఊరి పంచాయితీలోనూ ఎవరో ఒకరి పేరుగా మారుతూనే ఉన్నాడు. సైంధవుడు ఎదురు నిలిచినవాడు కనుక అతడు ఆబ్‌స్టకల్; ఇంపెడిమెంట్ కాదు.

రోమనులు ఈ మాటను బహువచనంలో వాడినప్పుడు దానికి మరొక అర్థం కలిగినది. ‘ఇంపెడిమెంటా’ అంటే సైన్యం వెంట నడిచే సామాను: గుడారాలు, ధాన్యం, యంత్రాలు, వాటిని మోసే కంచరగాడిదలు. శత్రువు ఎదురుగా వచ్చి నిలబడతాడు. సామాను మాత్రం తన సైన్యం కాళ్లకే చుట్టుకొంటుంది. దాని కోసం ఆగాలి, దానిని కాపాడాలి. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర మారియస్ అనే సేనాని ఈ బాధ తగ్గించటానికి భటుల భుజాల మీదనే చాలా బరువు వేయించాడట. ఆ భటులను జనం ‘మారియస్ కంచరగాడిదలు’ అని నవ్వారు.

సామాను కాళ్లకు బంధమనే సంగతి శత్రువులు కూడా ఎరుగుదురు. క్రీ.పూ. 57లో జూలియస్ సీజరు ఉత్తర గాల్ దేశంలో నెర్వియై అనే జాతి మీదికి పోతున్నాడు. ఒక్కొక్క పటాలానికీ మరొక పటాలానికీ నడుమ పొడవైన సామాను వరుస ఉంటుందనీ, మొదటి పటాలం విడిదికి చేరినప్పుడు భుజాల మీద బరువుతో ఉండగానే కొడితే తక్కినవారు సాయం రాలేరనీ నెర్వియైలకు వేగు అందినది. సాబిస్ నది ఒడ్డున అడవిలో వారు పొంచి, సామాను వరుస కంటబడగానే దూకాలని గుర్తు పెట్టుకొన్నారు. సీజరు శత్రువు దగ్గరపడుతున్నాడని క్రమం మార్చి, ఆరు పటాలాలను బరువు లేకుండా ముందు నడిపి, సామానంతా వాటి వెనుక చేర్చి, దాని కాపుకు కొత్త పటాలాలు రెంటిని ఉంచాడు. నెర్వియైలు సామానును చూసి దూకినప్పుడు ఎదురైనది ఒక్క పటాలం కాదు, ఆరు. అయినా సీజరు ఆనాడు ఓడినంత పనై గట్టెక్కాడు. బరువు లేని భటుని లాటినులో ‘ఎక్స్‌పెడిటుస్’ అంటారు. కాళ్లు విడిపించుకొన్నవాడని అర్థం. దండయాత్రకు ‘ఎక్స్‌పెడిషన్’ అన్న పేరూ, పనిని త్వరపరచటానికి ‘ఎక్స్‌పెడైట్’ అన్న క్రియా ఆ మాట సంతతే. కార్యాలయాలలో దస్త్రాల మీద ఆ క్రియను రాసే అధికారులు తాము ఒక గాడిద బంధం విప్పమంటున్నామని ఎరుగరు.

దక్కనులోనూ సేనల వెంట ధాన్యం నడిచినది. ఆ పని చేసినవారు బంజారాలు, మనం లంబాడీలంటాము. వారి ఎద్దుల మంద లేనిదే మొగలాయి సేనలకు గింజ దొరికేది కాదు. 1803లో మరాఠాల మీద యుద్ధం నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా వారి మీదనే ఆధారపడ్డాడు. ఇంగ్లీషు లేఖలలో వారు ‘బ్రింజారీలు’. రోమను మాట ప్రకారం ఆ ఎద్దులు సైన్యానికి కాళ్ల బంధమే. అయితే అవి వెనుకపడినరోజున సైన్యానికి పస్తు. నిడమనూరు, మిర్యాలగూడ ప్రాంతాలలో నేడు ఉన్న తండాల పూర్వీకుల వృత్తిని ‘ఇంపెడిమెంటా’ అని పిలిచినవారు వారి గింజలు తిన్నవారే.

ఇక మన ప్రాంతపు సమీప చరిత్రకు వద్దాము. ఈ రెండు మాటల భేదం అక్కడ బొమ్మ కట్టినట్లు కనిపిస్తుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యాలు హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినవి. ప్రధాన బలం షోలాపూరు వైపు నుండి రాగా, మరొక బలం విజయవాడ వైపు నుండి కోదాడ, సూర్యాపేటల దారిని పట్టినది. మూడవ రోజున సూర్యాపేట వారి వశమైనది. వెనుకకు తగ్గుతున్న నైజాం సేన ఆ సైన్యాన్ని ఆలస్యపరచాలని మూసీ వంతెనను కూల్చినది. అడ్డంకి అంటే అది. కాని వంతెనను కూల్చినవారు దాని దగ్గర నిలబడి కాల్పులు జరపలేదు. కాపు లేని అడ్డంకి అడ్డంకి కాదని ప్రతి సైనిక విద్యాలయంలోనూ మొదటి పాఠంగా చెబుతారు. వంతెనను త్వరలోనే బాగుచేసుకొని సైన్యం ముందుకు సాగినది. సెప్టెంబరు 17న నైజాం లొంగిపోయాడు. మొత్తం ఐదు రోజులు.

ఆ ఐదు రోజులలో కూలిపోనిది ఒకటి ఉన్నది. దాని పేరు భగేలా. తెలంగాణలో పెళ్లికో చావుకో దొర దగ్గర అప్పు తెచ్చుకొన్న పేదవాడు, అది తీరేవరకు ఆ దొర పొలంలో పని చేయాలి. జీతం కడుపుకు చాలదు కనుక మళ్లీ అప్పు. అప్పు పెరుగుతుంది గాని తరగదు. తండ్రి పోతే కొడుకు. భగేలా చుట్టూ కంచె లేదు. ఊరి పొలిమేర దాటటానికి అతనికి కూలిన వంతెన అడ్డం రాదు. పొద్దున లేస్తాడు, పొలానికి పోతాడు, వస్తాడు, తింటాడు. దూరం మాత్రం పోలేడు. నిడమనూరు తాత గాడిదను గురించి అన్న మాటలను మేము ఇక్కడ మార్చకుండా వాడవలసివచ్చినందుకు మన్నించాలి, అవే సరిపోతున్నవి.

భగేలా ఒప్పందాలను అదుపు చేయటానికి నైజాం ప్రభుత్వమే 1943లో ఒక రెగ్యులేషన్ చేసినది. కాగితం మీద అది మంచి చట్టమే. కాని ఒప్పందం రాయించుకొన్న దొరా, దానిని విచారించవలసిన ఊరి అధికారీ చాలాచోట్ల ఒకే ఇంటివారు. చదువురాని భగేలాకు తన వేలిముద్ర దేని కింద పడినదో తెలియదు. నల్లగొండ జిల్లాలో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో వెట్టి, భగేలా మాటలు మొదటి వరుసలో నిలిచినవి. 1949లో జాగీర్లు రద్దు అయినవి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చినది. ఎదురుగా నిలిచినవి ఒక్కొక్కటిగా తొలగినవి. అప్పు పేరిట మనిషిని కట్టివేసే పద్ధతి దేశమంతటా చట్టవిరుద్ధం కావటానికి మాత్రం 1975 అక్టోబరు నాటి ఆర్డినెన్సు, దాని స్థానంలో వచ్చిన 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా ఆగవలసివచ్చినది. ఆ చట్టం మనిషిని విడిపించటంతో తృప్తిపడలేదు. అతడిని కట్టివేసిన అప్పునే చెల్లనిదిగా చేసినది. గాడిదను అదిలించి లాభం లేదు, తాడు విప్పాలి అని గ్రహించిన చట్టం అది. చట్టం వచ్చిన తరువాత కూడా ఆ తాడు చాలాచోట్ల వేరువేరు పేర్లతో దొరుకుతూనే ఉన్నది.

రోమనులకు కూడా ఈ అనుభవం ఉన్నది. అప్పు తీర్చలేనివాడు అప్పిచ్చినవానికి తన శరీరాన్నే ఒప్పగించే పద్ధతిని వారు ‘నెక్సుమ్’ అనేవారు. ‘నెక్టెరె’ అంటే కట్టటం, ముడివేయటం. క్రీ.పూ. 4వ శతాబ్దం చివరి భాగంలో ఒక చట్టంతో దానిని తొలగించారు. తండ్రి అప్పుకు కట్టుబడిన ఒక యువకుడు అప్పిచ్చినవాని చేతిలో కొరడా దెబ్బలు తిని వీధిలోకి పరుగెత్తటం, జనం తిరగబడటం దానికి కారణమని లివీ అనే చరిత్రకారుడు రాశాడు. ఇంగ్లీషులో ‘బాండ్’ అంటే అప్పు పత్రం. అది మన ‘బంధం’ అనే మాటకు బంధువే. మన భాషలో ‘ఋణానుబంధం’ అనే మాట ఉన్నది. భార్యాభర్తల గురించీ, చివరకు దారిలో తారసపడిన మిత్రుని గురించీ దానిని ఎంతో ఆప్యాయంగా వాడుతాము. భగేలా చెవికి ఆ మాట ఎట్లా వినిపించి ఉంటుందో మేము అంతకుముందు ఆలోచించలేదు.

నిడమనూరు నుండి తిరిగివచ్చిన తరువాత పక్కన పెట్టిన పాఠాన్ని మళ్లీ తీశాము. ఆ పేరాలో రచయిత చెప్పినది ఇది: మార్కెట్టుకు బాట లేకపోవటం రైతుకు ఆబ్‌స్టకల్, పంట చేతికి రాకముందే వడ్డీవ్యాపారికి మాట ఇచ్చివేయటం ఇంపెడిమెంట్. బాట వేస్తే మొదటిది పోతుంది. రెండవది ఎంత మంచి బాట వేసినా పోదు. ఆ బాట మీద ధాన్యం వడ్డీవ్యాపారి కొట్టుకే నడుస్తుంది. రెండుచోట్లా ‘ఆటంకం’ అని రాసి మేము ఆయన వాదాన్నే తుడిచివేశాము. మొదటిచోట ‘అడ్డంకి’ అని దిద్దాము. రెండవచోట ‘ప్రతిబంధకం’ అని రాయబోయి, అందులో బంధం ఉన్నా కాళ్లు లేవని కొట్టివేసి, ‘ముందరి కాళ్ల బంధం’ అని రాశాము.

మా పెద్దలు చదివి, “ప్రసంగంలో ఇది మరీ పల్లెటూరి మాట కాదూ?” అన్నారు. ఎక్కడ విన్నామో చెప్పాము. కాలువ గట్టు, గాడిదలు, కంచె మాట, అన్నీ. ఆయన కొంచెంసేపు ఊరుకొని, కళ్లజోడు పెట్టుకొని, ఆ మాట కింద గీత గీసి పక్కన ‘ఉండనివ్వండి’ అని రాసి సంతకం చేశారు. మర్నాటి సాయంత్రం ఆ పాఠం ప్రసారమైనది, అంతరాయం లేకుండా.